మూడుసార్లు మరమ్మతుకు వెళ్లొచ్చిన కొత్త తుపాకీ

వినియోగదారుల శీర్షిక: మీ ప్రశ్న, వకీలమ్మ జవాబు

ప్రశ్న: వకీలమ్మ గారికి నమస్కారం. మాది చిత్తూరు దగ్గర యాదమరి మండలం. ఊరికి కిలోమీటరున్నర దూరంలో ఏడెకరాల మామిడితోట, తోటలోనే ఇల్లు. నేను, నా భార్య ఇద్దరమే ఉంటాం. పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మా నాన్న కాలం నుంచి మా ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంది. ఆయన పోయాక ఆ పాత ఒంటి గొట్టం తుపాకీని దుకాణంలో అప్పజెప్పి, రక్షణ కోసమని నా పేరున లైసెన్సు తెచ్చుకున్నాను. 2024 ఫిబ్రవరి 9న కొత్త డీబీబీఎల్ (రెండు గొట్టాల) 12 బోరు తుపాకీ కొన్నాను. ధర 1,18,000 రూపాయలు. దుకాణం మన రాష్ట్రంలోనే ఉంది, మా ఊరి నుంచి మూడు గంటల ప్రయాణం. బిల్లు తేదీ నుంచి పన్నెండు నెలల వారంటీ అని కార్డు మీద రాసి ఇచ్చారు.

కొన్న వారానికి రెండు గొట్టాలూ ఒక్కోసారి కాల్చి చూశాను, పేలాయి. ఇంతలో ఎన్నికలు వచ్చాయి. మార్చి 20న తుపాకీని పోలీసు స్టేషన్లో అప్పగించాను. జూన్ 19న తిరిగి ఇచ్చారు. జులైలో కాల్చి చూస్తే ఎడమ గొట్టం మొరాయించింది. ట్రిగ్గరు నొక్కితే టక్కుమని చప్పుడు, అంతే. ఒకే పెట్టెలోని తూటాలతో లెక్క పెట్టుకుని చూశాను. కుడి గొట్టంలో పన్నెండు పెడితే పన్నెండూ పేలాయి. ఎడమ గొట్టంలో పన్నెండు పెడితే ఐదు పేలలేదు. అందులో ఒకదాన్ని తీసి కుడి గొట్టంలో పెడితే వెంటనే పేలింది. మిగిలిన నాలుగింటినీ స్టీలు టిఫిను డబ్బాలో దాచి ఉంచాను.

జులై 22న దుకాణంలో ఇచ్చాను, ఆగస్టు 31న తిరిగి ఇచ్చారు. రసీదు అడిగితే మనుషుల మధ్య రసీదులెందుకన్నారు. తెచ్చాక మళ్లీ అదే కథ. సెప్టెంబరు 16న రెండోసారి ఇచ్చాను. ఈసారి కంపెనీకి పంపామన్నారు. నవంబరు 28న చేతికి వచ్చింది. భుజానికి ఆనించే చెక్క మీద జానెడు గీత పడింది. దాన్ని ఓర్చుకున్నాను. డిసెంబరులో, ఉన్న రెండు ట్రిగ్గర్లలో ముందుది ఒక్కటే నొక్కితే రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి. నేను వెనక్కి తూలి మామిడిచెట్టుకు కొట్టుకున్నాను. భుజం నల్లగా కమిలి పది రోజులు చెయ్యి పైకి లేవలేదు. 2025 జనవరి 6న మూడోసారి ఇచ్చాను. మార్చి 27న వెనక్కి ఇస్తూ ఒక కాగితం చేతిలో పెట్టారు. ‘తుపాకీలో లోపమేమీ లేదు, వాడిన తూటాలు నాసిరకం’ అని అందులో ఉంది. ఏప్రిల్లో చూస్తే ఎడమ గొట్టం ఎనిమిదింటిలో మూడు పేలలేదు, ఒకసారి రెండూ కలిసి పేలాయి.

ఇప్పుడు అడిగితే వారంటీ ఫిబ్రవరితో అయిపోయింది, ఇంకోసారి బాగుచేయాలంటే 14,500 కట్టమంటున్నారు. కంపెనీకి ఫోను చేస్తే దుకాణాన్ని అడగమంటారు. దుకాణంలో కంపెనీని అడగమంటారు. దీన్ని పక్కన పడేసి ఇంకొకటి కొనుక్కోమని సలహా కూడా ఇచ్చారు. 2025లో తోతాపురి మామిడి కిలోకు గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ల 8 రూపాయలు, ప్రభుత్వం ఇస్తామన్న 4 కలిపినా 12 రూపాయలు. ఆ లెక్కన ఈ తుపాకీ నాకు పది టన్నుల కాయ. పక్క ఊళ్లో నాటు తుపాకీలు బాగుచేసే మనిషి ఒకడున్నాడు. పిన్ను మారిస్తే పది నిమిషాల పని అంటున్నాడు. వాడికి ఇచ్చి చూడనా? లేక కోర్టుకు వెళ్లాలా? ఎటూ తోచక రాస్తున్నాను.

– ఒక మామిడి రైతు, యాదమరి మండలం (పేరు ప్రచురించవద్దని కోరారు)

జవాబు: అన్నగారూ, అన్నిటికన్నా ముందు ఒక మాట. ఈ ఉత్తరం చదివిన క్షణం నుంచి ఆ తుపాకీలో తూటా పెట్టకండి. ఋజువు కోసమనో, ఇంకొక్కసారి చూద్దామనో కూడా వద్దు. ఒక ట్రిగ్గరు నొక్కితే రెండు గొట్టాలు పేలే తుపాకీ మీ భుజానికే కాదు, పక్కన నిలబడ్డ మనిషికీ ప్రమాదం. రెండో గొట్టం పేలే సమయానికి మొదటి దెబ్బ అదురుకు గొట్టం మూతి ఎటు తిరిగి ఉంటుందో ఎవరికీ తెలియదు. తోటలో మీ ఇల్లాలు కూడా తిరుగుతుంటారు కదా. దాన్ని ఖాళీ చేసి బీరువాలో పెట్టి తాళం వేయండి. తూటాలను వేరే చోట పెట్టి తాళం వేయండి.

ఇంకో సంగతి మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది. టక్కుమని చప్పుడు వచ్చి పేలని తూటాను తీసి కుడి గొట్టంలో పెట్టానన్నారు. అలా ఎప్పుడూ చేయవద్దు. తూటా అడుగున నిప్పు పుట్టించే టోపీకి దెబ్బ తగిలాక లోపలి మందు ఆలస్యంగా అంటుకోవడం ఉంటుంది. మూతి నేల వైపో, ఎవరూ లేని వైపో ఉంచి, కనీసం ఒక నిమిషం అలాగే పట్టుకుని ఆ తర్వాతే తుపాకీ విప్పాలి. మీరు విప్పే క్షణంలో అది పేలి ఉంటే ఈ ఉత్తరం మీరు రాసేవారు కాదు.

తుపాకీ సంగతి వకీలుకు ఏం తెలుసని మీకు అనిపించవచ్చు. నేను పుట్టింది బంగారుపాళ్యం వైపు, మామిడితోటలోనే. మా నాన్నకూ లైసెన్సు తుపాకీ ఉండేది. నేను పదో తరగతిలో ఉండగా ఆయన కొత్త ఒంటి గొట్టం తుపాకీ కొన్నారు. పేలడం బాగానే పేలేది, పేలాక ఖాళీ తూటా బయటికి వచ్చేది కాదు. తూటా అంచును పట్టి లాగే పట్టీ జారిపోయేది. నాన్న కానుగ బరికె ఒకటి చెక్కి పెట్టుకున్నారు. మూతిలోంచి దాన్ని దూర్చి ఖాళీ తూటాను వెనక్కి నెట్టేవారు. ఆ బరికె కొన మందు మసితో నల్లబడి, కుట్టుమిషను నూనె వాసన వేస్తూ గుమ్మం వెనక నిలబడి ఉండేది. తుపాకీని పాత దుప్పట్లో చుట్టుకుని నాలుగుసార్లు దుకాణానికి వెళ్లొచ్చారు. ప్రతిసారీ వాళ్లు చెప్పింది ఒకటే మాట: ‘వాడేకొద్దీ అదే సర్దుకుంటుంది.’ నాలుగు ప్రయాణాల్లో ఒక్క కాగితమూ పుట్టలేదు. ఏడాది తిరిగాక సగం ధరకు అదే దుకాణంలో వదిలేసి వచ్చారు. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో లేచి వెళ్లిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను వకీలునయ్యాక నా దగ్గరికి వచ్చే ఎవరికీ సర్దుకుపొమ్మని చెప్పలేను. తయారీలో ఉన్న లోపం వాడకంతో పోదు.

ఇక మీ తుపాకీలో ఏముందో చూద్దాం. ట్రిగ్గరు నొక్కగానే లోపలి సుత్తి విడుదలై పిన్నును కొడుతుంది, పిన్ను తూటా అడుగున ఉన్న టోపీని కొడుతుంది. దెబ్బ బలంగా పడాలి, లోతుగా పడాలి. స్ప్రింగు బలహీనంగా ఉన్నా, పిన్ను పొట్టిగా ఉన్నా, తూటాకూ వెనక పలకకూ మధ్య సందు ఎక్కువగా ఉన్నా దెబ్బ తేలిపోతుంది. మీ టిఫిను డబ్బాలోని నాలుగు తూటాలను జాగ్రత్తగా చూడండి. కుడి గొట్టంలో పేలిన ఖాళీ తూటా టోపీ మీద ఒక పెసరగింజ కూర్చునేంత గుంట ఉంటుంది. ఎడమ గొట్టంలో పేలని దాని మీద గోటితో నొక్కినట్టు పైపైన మచ్చ మాత్రమే ఉంటే, తప్పు తూటాది కాదు, తుపాకీది. పేలినది, పేలనిది పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో దగ్గరగా ఫోటోలు తీయించండి. ‘నాసిరకం తూటాలు’ అన్న వాళ్ల కాగితానికి మొదటి జవాబు ఈ ఫోటోలే.

మీరు గొప్ప ఋజువనుకున్న ఒకదాన్ని మాత్రం నేను పక్కన పెడతాను. ఎడమలో పేలని తూటా కుడిలో పేలిందన్నారు కదా. రెండో దెబ్బకు తూటా పేలడం మామూలే. మొదటి దెబ్బకు సగం నలిగిన టోపీ రెండో దెబ్బకు అంటుకోవచ్చు. అవతలి వకీలు ఆ మాటే పట్టుకుంటాడు. మీ అసలు ఋజువు లెక్క. ఒకే పెట్టె, ఒకే రోజు, కుడిలో పన్నెండుకు పన్నెండు, ఎడమలో పన్నెండుకు ఏడు. తూటాలు నాసిరకమైతే కుడి గొట్టానికీ ఆ నాసి తెలియాలి కదా. ఆ లెక్క రాసుకున్న కాగితం ఉంటే, అది పంచాంగం వెనక గీసినదైనా సరే, పారేయకండి. తూటాలు కొన్న బిల్లు కూడా తీసి పెట్టండి. పేలని ఆ నాలుగు తూటాలనూ టిఫిను డబ్బాలో ఉంచకండి. అవి ఇప్పటికీ ప్రాణమున్న తూటాలే, మీ లైసెన్సులో అనుమతించిన సంఖ్యలో కలిసేవే. చీటీ అంటించి మిగతా తూటాలతో పాటు తాళంలో పెట్టండి.

రెండు గొట్టాలూ కలిసి పేలడం వేరే జబ్బు. ట్రిగ్గరు నొక్కేదాకా సుత్తిని పట్టి ఆపే కొక్కెం ఒకటి ఉంటుంది. అది సరిగా పట్టకపోతే మొదటి గొట్టం అదురుకే రెండోది జారిపోతుంది. మీరు కొన్నప్పుడు ఈ జబ్బు లేదు, రెండో మరమ్మతు తర్వాత వచ్చింది. అంటే కొన్నప్పటి లోపం ఒకటి, మరమ్మతులో తెచ్చిపెట్టిన లోపం ఒకటి. వినియోగదారుల కమిషన్‌కు (వినియోగదారుల కోర్టుకు) ఇచ్చే ఫిర్యాదులో ఈ రెండింటినీ విడివిడిగా రాయాలి. మొదటిది సరుకు లోపం, రెండోది సేవలో లోపం. చట్టం రెండింటినీ గుర్తిస్తుంది. భుజం కమిలినప్పుడు డాక్టరుకు చూపించుకుని ఉంటే ఆ చీటీ చాలా విలువైనది.

నాటు తుపాకీలు బాగుచేసే మనిషి దగ్గరికి దయచేసి వెళ్లకండి. ఆయుధాల చట్టం 1959 ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేనివాడు మరమ్మతు చేస్తే నేరం. అందులో మీ పేరూ చేరి మీ లైసెన్సుకే ముప్పు రావచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. వాడు స్క్రూ విప్పిన మరుక్షణం, బయటివాళ్లు చేయి పెట్టారు కాబట్టి మాకు బాధ్యత లేదని కంపెనీ చేతులు దులుపుకుంటుంది. ఇదే కారణంతో 14,500 కట్టి నాలుగోసారి దుకాణానికి కూడా ఇవ్వవద్దంటాను. తుపాకీ ఇప్పుడున్న స్థితే మీ సాక్షి.

ఇంకొకటి కొనుక్కోమన్న సలహా వినడానికి తేలికగా ఉంది. ఒక మనిషి దగ్గర మూడు తుపాకీల దాకా ఉండవచ్చన్న ఆయుధాల చట్టం పాత పరిమితిని 2019 సవరణ రెండుకు తగ్గించింది. పేలినా పేలకపోయినా ఈ తుపాకీ ఆ రెండిట్లో ఒకటే. పైగా కొత్తది కొనాలంటే లైసెన్సులో అనుమతి, నమోదు అన్నీ మళ్లీ మొదటి నుంచి. చెడ్డ సరుకు మీ ఇంట్లో ఉండగానే మీ చేత ఇంకో లక్ష ఖర్చు పెట్టించాలనుకోవడం నాకు కోపం తెప్పించింది.

వారంటీ అయిపోయిందన్న మాటకు వద్దాం. మీ ఉత్తరంలోని తేదీలతో నేను లెక్క వేశాను. బిల్లు తేదీ నుంచి ఏడాది అంటే 366 రోజులు, 2024 లీపు సంవత్సరం కాబట్టి. అందులో ఎన్నికల కోసం పోలీసు స్టేషన్లో ఉన్నవి 91 రోజులు. మొదటి మరమ్మతుకు 40, రెండోదానికి 73. మూడోసారి ఇచ్చినప్పటి నుంచి వారంటీ ముగిసేదాకా 33. మొత్తం 237. మీ చేతిలో తుపాకీ ఉన్నది సుమారు 130 రోజులు, అందులో రెండు గొట్టాలూ సరిగా పనిచేసినట్టు తేలింది కొన్న వారానికి కాల్చిన రెండు దెబ్బలకే. వారంటీ గడువు దాటింది వాళ్ల దుకాణంలోనే, మీరు మూడోసారి ఇచ్చిన తుపాకీ వాళ్ల చేతిలో ఉండగానే. గడువులోపల బయటపడి, గడువులోపలే మీరు చెప్పిన లోపం గడువు దాటగానే మీదైపోదు. ఈ లెక్కను ఇలాగే, రోజులతో సహా, నోటీసులో రాయండి. స్టేషన్లో తుపాకీ అప్పగించినప్పుడు ఇచ్చిన రసీదు జత చేయండి.

మొదటిసారి ఇచ్చినందుకు రసీదు లేదని దిగులు పడకండి. మిగతా దుకాణాలకూ తుపాకీ దుకాణానికీ ఇక్కడే తేడా. మిక్సీ మరమ్మతుకు ఇస్తే రాసుకోకపోవచ్చు. తుపాకీ లోపలికి వచ్చినా బయటికి వెళ్లినా నంబరుతో సహా రిజిస్టరులో రాసితీరాలి. కంపెనీకి పంపి ఉంటే పంపినట్టు, వచ్చినట్టు కాగితాలు ఉండాలి. ఆ రికార్డులు తెప్పించమని మనం కమిషన్‌ను అడగవచ్చు. తుపాకీ కంపెనీకి వెళ్లనే లేదని తేలితే, అదీ మన వాదనకే బలం.

ఇప్పుడు చేయవలసిన పని. దుకాణానికి, కంపెనీకి ఇద్దరికీ ఒకే నోటీసు పంపండి. ఒకరి మీద ఒకరు తోసుకునే ఆట అక్కడితో ఆగుతుంది. తుపాకీ నంబరు, బిల్లు నంబరు, మూడు మరమ్మతుల తేదీలు, రెండు లోపాలు, 15 రోజుల గడువు, మీరు కోరేది ఏమిటో స్పష్టంగా రాయండి. వకీలు చేత రాయించాలని లేదు, తెలుగులో మీరే రాయవచ్చు. స్పీడు పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. ఈలోగా 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి. కొన్ని కంపెనీలు అక్కడికే దిగివస్తాయి. దిగిరాకపోయినా మీరు అడిగారనడానికి అది ఇంకో సాక్ష్యం.

దేన్ని కోరాలి అన్నది మీరే నిర్ణయించుకోవాలి గానీ, నా మాట అడిగితే డబ్బు వాపసు కోరండి. మార్చి ఇమ్మనడం మిక్సీకి తేలిక, తుపాకీకి కాదు. కొత్త తుపాకీకి కొత్త నంబరు. ఆ నంబరు మీ లైసెన్సులో ఎక్కాలి, పాతది దుకాణానికి తిరిగి ఇచ్చినట్టూ ఎక్కాలి. అవి జరగకుండా కొత్తది ఇంటికి తెచ్చుకుంటే దోషి మీరవుతారు. ధర 1,18,000, దాని మీద వడ్డీ, ప్రయాణాల ఖర్చు, భుజం దెబ్బకు, ఈ ఏడాదిన్నర వేదనకు పరిహారం అడగండి. తుపాకీని దుకాణదారు తన రిజిస్టరులో రాసుకుని, తీసుకున్నట్టు పత్రం ఇచ్చేలా ఆదేశించమని కూడా కోరండి. చాలామంది దీన్ని మరిచిపోతారు. డబ్బు వచ్చాక ఆ పత్రం లేక లైసెన్సు పునరుద్ధరణప్పుడు ఇబ్బంది పడతారు. వారంటీ కార్డు మీద ‘మరమ్మతు మాత్రమే, ధర వాపసు లేదు’ అని అచ్చు వేసి ఉన్నా బెదరకండి. లోపం తేలితే ధర తిరిగి ఇప్పించే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం 2019 కమిషన్‌కు ఇచ్చింది. కార్డు మీది అచ్చు దాన్ని తీసివేయలేదు.

15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. దుకాణం ఎక్కడున్నా మీరు అక్కడికి పోనక్కరలేదు. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు, 2019 చట్టం ఇచ్చింది. మీరు నివసించే చోటే వేయవచ్చు, అంటే మీకు చిత్తూరు. ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. సరుకుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. దుకాణాన్నీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. తుపాకీని తగిన ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించమని దరఖాస్తు కూడా జత చేయండి. పరీక్ష రుసుము మొదట మిమ్మల్ని కట్టమనవచ్చు. కట్టండి. ‘లోపమేమీ లేదు’ అని వాళ్లు రాసిచ్చిన కాగితానికి అన్నిటికన్నా గట్టిగా ఎదురు నిలిచేది ఆ నివేదికే. పరీక్ష అవసరమైన కేసుల్ని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఇంకా ఎక్కువ పడుతుందని మీకు ఇప్పుడే చెప్పడం నా బాధ్యత.

ఒక తేదీ మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఏ రోజు నుంచి లెక్కించాలన్న దాని మీద వాదన ఉండవచ్చు. మీరు ఆ వాదనకే చోటివ్వకుండా, లోపం మొదట బయటపడిన 2024 జులై నుంచే లెక్కించుకుని 2026 జులై లోపల వేసేయండి. ‘ఇంకో నెల ఆగండి, కంపెనీ మనిషి వస్తున్నాడు’ అని దుకాణం నుంచి ఫోను వస్తే, ఆ మాట రాతలో పంపమనండి. ఎంత ఆగినా ఈ తేదీ దాటవద్దు.

మీరు అడగకపోయినా ఇంకొక్కటి చెబుతాను. యాదమరి వైపు ఏనుగుల బెడద నాకు తెలుసు, కౌండిన్య అడవి నుంచి అవి మా ఊరి తోటల్లోకీ దిగుతాయి. అడవిపందులు వేరుశనగను ఎలా దున్నేస్తాయో కూడా చూస్తూనే పెరిగాను. కానీ ఏనుగైనా పందైనా వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నవే. రక్షణ కోసం ఇచ్చిన లైసెన్సు వాటి మీద కాల్చడానికి అనుమతి కాదు. అటవీ సిబ్బంది నంబరు ఫోనులో ముందు వరసలో పెట్టుకోండి. నోటీసులో గానీ ఫిర్యాదులో గానీ ‘పందుల కోసం కొన్నాను’ అన్న మాట పొరపాటున కూడా రాయకండి. లైసెన్సులో ఏ ప్రయోజనం రాసి ఉందో అదే రాయండి.

కమిషన్‌కు మొదటిసారి వచ్చే రోజు కాగితాలన్నీ తెచ్చుకోండి, తుపాకీని మాత్రం ఇంట్లోనే తాళంలో ఉంచండి. దాన్ని ఎప్పుడు, ఎవరి ద్వారా, ఎక్కడికి పంపాలో కమిషనే రాతలో చెబుతుంది.

ప్రశ్న: అమ్మా, మాది తిరుపతి దగ్గర పల్లె. మా వారి పేరున లైసెన్సు తుపాకీ ఉంది. తాళం బిగుసుకుపోతే మరమ్మతుకు ఇచ్చారు. అది బాగయిందని, వచ్చి తీసుకెళ్లమని దుకాణం నుంచి ఫోను వచ్చింది. ఆయనకు తుంటి ఆపరేషను జరిగి రెండు నెలలు మంచం దిగకూడదన్నారు. నా పేరున లైసెన్సు లేదు. నేను వెళ్లి తెచ్చుకోవచ్చా? పోలీసులు పట్టుకుంటే ఏమవుతుందోనని భయంగా ఉంది.

– ఒక గృహిణి, తిరుపతి జిల్లా

జవాబు: వెళ్లవచ్చమ్మా. ఆయుధాల చట్టం మూడో సెక్షన్లోనే ఈ మినహాయింపు ఉంది. లైసెన్సు ఉన్న మనిషి రాతపూర్వకంగా అధికారం ఇస్తే, లైసెన్సు లేనివారు కూడా మరమ్మతు కోసం ఆయన తుపాకీని తీసుకెళ్లవచ్చు. నోటిమాట చాలదు. మీ వారి చేత ఒక పత్రం రాయించండి. తన పేరు, లైసెన్సు నంబరు, తుపాకీ నంబరు, మీ పేరు, మరమ్మతు పూర్తయిన తుపాకీని ఫలానా దుకాణం నుంచి ఇంటికి తేవడానికి మిమ్మల్ని పంపుతున్నట్టు, తేదీ, సంతకం. ఆపరేషను కాగితం నకలు దానికి జత చేయండి. వెళ్లే ముందు మీ స్టేషన్లో ఒక మాట చెప్పి, పత్రం నకలు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మీ భయం సగం అక్కడే తీరిపోతుంది.

సొంత వాహనంలో, తోడు తీసుకుని వెళ్లండి. అసలు లైసెన్సు పుస్తకం మీ దగ్గరే ఉండాలి. దుకాణంలో తుపాకీ చేతికి తీసుకునే ముందు దాన్ని విప్పించి, గొట్టం ఖాళీగా ఉందని మీ కళ్లతో చూడండి. ఏమి మార్చారో, ఏమి బాగుచేశారో బిల్లు మీద రాయించుకోండి. దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా ఇంటికి రండి.